సేకరణకు సమ్మతి, నిల్వకు మౌనం: భారతదేశంలో జన్యు సమాచార చట్టాల చరిత్ర

వ్యాససంగ్రహం

మనిషి శరీరం నుండి రక్తాన్నో లాలాజలాన్నో తీసుకునేటప్పుడు అతని అంగీకారం అవసరమా అన్న ప్రశ్నను భారతీయ న్యాయవ్యవస్థ దశాబ్దాలుగా చర్చిస్తున్నది. ఆ నమూనా నుండి వెలికితీసిన సమాచారాన్ని ఎంతకాలం, ఎవరి దగ్గర, ఏ ప్రయోజనం కోసం దాచవచ్చు అన్న ప్రశ్న మాత్రం చాలా ఆలస్యంగా, అదీ అసంపూర్ణంగా చర్చకు వచ్చింది. 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం నుండి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వరకు ఈ రెండు ప్రశ్నల నడుమ ఏర్పడిన దూరాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ చరిత్రలో హైదరాబాదు నగరానికి ఉన్న స్థానాన్ని కూడా వివరిస్తుంది.

కీలకపదాలు: జన్యు సమాచారం, సమ్మతి, డి.ఎన్.ఎ. ముద్ర, గోప్యతా హక్కు, సి.సి.ఎం.బి., సి.డి.ఎఫ్.డి., ఖైదీల గుర్తింపు చట్టం, డి.ఎన్.ఎ. బిల్లు

ఉపోద్ఘాతం

జన్యు సమాచారం అన్న మాటలో మూడు వేర్వేరు వస్తువులు కలిసి ఉన్నాయి. మొదటిది నమూనా. అంటే రక్తం, లాలాజలం, వెంట్రుక కుదురు వంటి భౌతిక పదార్థం. రెండవది ముద్ర. డి.ఎన్.ఎ.లో మనిషికీ మనిషికీ తేడా చూపే కొన్ని స్థానాలను కొలిచి రాసుకున్న అంకెల వరుస ఇది. నేర పరిశోధనలోను, పితృత్వ వివాదాలలోను ఉపయోగపడేది ఇదే. మూడవది జన్యు క్రమం. వ్యాధులకు లోనయ్యే అవకాశాన్ని, పూర్వికుల వలసలను, బంధుత్వాలను చెప్పగలిగిన పూర్తి పాఠం ఇది. నమూనా భద్రంగా ఉన్నంతకాలం దాని నుండి ముద్రనూ తీయవచ్చు, పూర్తి క్రమాన్నీ చదవవచ్చు. అందువల్ల ఒక ప్రయోజనం కోసం ఇచ్చిన రక్తబిందువు మరొక ప్రయోజనానికి ఎప్పుడైనా పనికి వస్తుంది.

ఇతర వ్యక్తిగత సమాచారానికి లేని లక్షణం మరొకటి దీనికి ఉంది. బ్యాంకు ఖాతా సంఖ్యను మార్చుకోవచ్చు, చిరునామాను మార్చుకోవచ్చు. జన్యు క్రమాన్ని మార్చుకోవడం సాధ్యం కాదు. పైగా అది ఒక్కరి సొత్తు కాదు. ఒకరు ఇచ్చిన నమూనా వారి తల్లిదండ్రుల గురించి, తోబుట్టువుల గురించి, ఇంకా పుట్టని సంతానం గురించి కూడా చెబుతుంది. కనుక తీసుకునే క్షణంలో పొందిన సమ్మతి దాచిపెట్టిన కాలమంతటికీ సరిపోతుందా అన్నది ఇక్కడ మౌలికమైన ప్రశ్న. ఈ ప్రశ్నకు భారతీయ చట్టాలు వేర్వేరు కాలాలలో ఇచ్చిన సమాధానాలను క్రమంగా పరిశీలించవలసి ఉంది.

1. ఖైదీల గుర్తింపు చట్టం, 1920

శరీర చిహ్నాలను ప్రభుత్వం సేకరించి దాచుకోవడానికి భారతదేశంలో పునాది వేసినది 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం. నేరం రుజువైనవారి నుండి, నిర్ణీత నేరాలలో అరెస్టయినవారి నుండి కొలతలు, ఛాయాచిత్రాలు తీసుకునే అధికారాన్ని ఈ చట్టం పోలీసులకు ఇచ్చింది. కొలతలంటే వేలిముద్రలు, పాదముద్రలు కూడా. అరెస్టయిన వ్యక్తి అంగీకారంతో చట్టానికి పని లేదు. ప్రతిఘటిస్తే బలప్రయోగం చేయవచ్చు.

అయితే ఈ వలస కాలపు చట్టంలోనే ఒక విశేషమైన నిబంధన ఉంది. అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడని వ్యక్తి విచారణ లేకుండా విడుదలైనా, నిర్దోషిగా తేలినా, అతని కొలతలను, ఛాయాచిత్రాలను నాశనం చేయాలి; లేదా అతనికే అప్పగించాలి. ఛాయాచిత్రాల నెగటివులకు కూడా ఈ నియమం వర్తిస్తుంది. న్యాయస్థానం గాని, జిల్లా మేజిస్ట్రేటు గాని, సబ్ డివిజనల్ అధికారి గాని కారణాలు రాతపూర్వకంగా నమోదు చేసి వేరే విధంగా ఆదేశిస్తే తప్ప ఇది తప్పనిసరి. అంటే సేకరణలో సమ్మతికి చోటివ్వని చట్టం, నిల్వకు మాత్రం ఒక హద్దు గీసింది. కాగితం మీది వేలిముద్రను మనిషి చేతికి తిరిగి ఇవ్వడం సాధ్యమైన కాలం అది.

స్వాతంత్ర్యానంతరం ఈ అధికారం రాజ్యాంగబద్ధమేనా అన్న ప్రశ్న తలెత్తింది. తనకు తాను వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాలని ఏ నిందితుడినీ నిర్బంధించరాదని రాజ్యాంగంలోని 20(3) అధికరణం చెబుతున్నది. 1961లో కథీ కాలూ ఓఘడ్ కేసులో సర్వోన్నత న్యాయస్థానపు 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఈ అధికరణాన్ని వ్యాఖ్యానించింది. వేలిముద్ర, చేతిరాత నమూనా ఇవ్వడం సాక్ష్యం చెప్పడం కిందికి రాదని తీర్పు ఇచ్చింది. తన మనసులో ఉన్న విషయాన్ని వెల్లడించడమే సాక్ష్యమని, మార్చడానికి వీలులేని శరీర చిహ్నం అటువంటిది కాదని దాని సారాంశం. తరువాతి కాలంలో రక్తానికి, డి.ఎన్.ఎ.కు ఈ తర్కాన్నే విస్తరించారు. 2010లో సెల్వి కేసులో సమ్మతి లేని నార్కో పరీక్షలను నిషేధించిన సర్వోన్నత న్యాయస్థానం కూడా, డి.ఎన్.ఎ. నమూనాలను భౌతిక సాక్ష్యంగానే పరిగణించి వేరుగా నిలిపింది. వేలిముద్ర మనిషిని గుర్తించడం వరకే పరిమితం. రక్తబిందువు అంతకు ఎంతో మించి చెబుతుంది. ఈ తేడా 1961 నాటి తీర్పులో కనిపించే అవకాశం లేదు. ఆనాటికి డి.ఎన్.ఎ. ముద్ర పుట్టనే లేదు.

2. హైదరాబాదులో డి.ఎన్.ఎ. ముద్ర

1984లో ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ డి.ఎన్.ఎ. ముద్ర పద్ధతిని కనుగొన్నాడు. కొద్ది సంవత్సరాలలోనే హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ స్వతంత్రంగా మరొక పద్ధతిని రూపొందించారు. కట్లపాము జాతి సర్పాల లింగ క్రోమోజోములపై ఆయన అంతకుముందు చేసిన పరిశోధన నుండి లభించిన డి.ఎన్.ఎ. భాగమే ఈ పద్ధతికి సాధనమైంది. విదేశీ పేటెంటుపై ఆధారపడకుండా దేశీయంగా డి.ఎన్.ఎ. పరీక్షలు జరపడానికి ఇది దారి తీసింది.

కేరళలోని తలశ్శేరి న్యాయస్థానంలో విచారణకు వచ్చిన ఒక పితృత్వ వివాదంలో ఈ పరీక్షను తొలిసారిగా సాక్ష్యంగా స్వీకరించారు. బిడ్డ తనది కాదన్న వ్యక్తి వాదన సి.సి.ఎం.బి. పరీక్షతో వీగిపోయింది. 1991లో కేరళ ఉన్నత న్యాయస్థానం ఆ నిర్ణయాన్ని సమర్థించింది. అదే సంవత్సరం జరిగిన రాజీవ్ గాంధీ హత్య కేసు దర్యాప్తులోను సి.సి.ఎం.బి. పరీక్షలు ఉపయోగపడ్డాయి. కేసుల తాకిడి పెరగడంతో ప్రత్యేక సంస్థ అవసరమైంది. 1996లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం ఆధ్వర్యంలో డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రం (సి.డి.ఎఫ్.డి.) హైదరాబాదులో పనిచేయడం ప్రారంభించింది.

ఈ విధంగా దేశం నలుమూలల నుండి రక్త నమూనాలు హైదరాబాదుకు చేరసాగాయి. వాటిని పంపినది న్యాయస్థానమో పోలీసు స్టేషనో. పరీక్షకు శాస్త్రీయ ప్రమాణాలు ఏర్పడ్డాయి. కాని పరీక్ష పూర్తయిన తరువాత మిగిలిన నమూనా, సిద్ధమైన ముద్ర ఏమి కావాలో నిర్దేశించే ప్రత్యేక చట్టం మాత్రం లేదు.

3. పితృత్వ వివాదాలు: సమ్మతిపై తొలి చర్చ

సమ్మతి ప్రశ్నను న్యాయస్థానాలు మొదట లోతుగా చర్చించినది నేర విచారణలో కాదు, కుటుంబ వివాదాలలో. 2024 వరకు అమలులో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టంలోని 112వ సెక్షను ప్రకారం చెల్లుబాటయ్యే వివాహ కాలంలో పుట్టిన బిడ్డ ఆ దంపతుల సంతానమే. ఆ కాలంలో భార్యాభర్తలు కలుసుకునే అవకాశమే లేదని రుజువు చేస్తే తప్ప ఈ నిర్ణయం మారదు. బిడ్డ మీద అక్రమ సంతానమన్న ముద్ర పడకుండా కాపాడడమే దీని ఉద్దేశం.

1993లో గౌతమ్ కుండు కేసులో సర్వోన్నత న్యాయస్థానం రక్తపరీక్షలను మామూలుగా ఆదేశించరాదని, ఎవరినీ రక్తం ఇవ్వాలని బలవంతపెట్టరాదని చెప్పింది. 2003లో శారద వర్సెస్ ధర్మపాల్ కేసులో దృక్పథం కొంత మారింది. వైద్య పరీక్షను ఆదేశించే అధికారం వైవాహిక న్యాయస్థానానికి ఉందని, నిరాకరించినవారికి ప్రతికూలంగా ఊహించుకోవచ్చని తీర్పు వెలువడింది. 2010లో భవానీ ప్రసాద్ జెనా కేసు గోప్యతకు, సత్య నిర్ధారణకు మధ్య సమతూకం పాటించాలని, పరీక్ష అత్యవసరమైతేనే ఆదేశించాలని నిర్దేశించింది. 2014లో నందలాల్ బడ్వాయిక్ కేసులో అప్పటికే జరిగిన పరీక్ష ఫలితం చట్టపరమైన ఊహపై పైచేయి సాధించింది.

ఈ పరిణామంలో తెలుగువారికి సుపరిచితమైన ఘట్టం ఒకటి ఉంది. 2007 నుండి 2009 వరకు ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా పనిచేసిన నారాయణ్ దత్ తివారీ తన తండ్రి అని ప్రకటించాలని రోహిత్ శేఖర్ ఢిల్లీ ఉన్నత న్యాయస్థానంలో దావా వేశారు. రక్తం ఇవ్వడానికి తివారీ నిరాకరించారు. నిరాకరిస్తే ప్రతికూలంగా ఊహించుకోవచ్చు గాని, బలవంతంగా రక్తం తీయరాదని ఏకసభ్య ధర్మాసనం భావించింది. 2012 ఏప్రిల్‌లో ద్విసభ్య ధర్మాసనం ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. ఆదేశాన్ని అవసరమైతే బలప్రయోగంతోనైనా అమలు చేయవచ్చని చెప్పింది. సేకరించిన నమూనా హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి.కి చేరింది. ఫలితాన్ని గోప్యంగా ఉంచాలన్న తివారీ అభ్యర్థన నెగ్గలేదు. 2012 జులైలో న్యాయస్థానంలో దానిని వెల్లడించారు. తండ్రి ఎవరో తెలుసుకునే హక్కుకు ఈ కేసు బలం చేకూర్చింది. కాని వాదోపవాదాలు రక్తం తీయడం దగ్గర, ఫలితం వెల్లడించడం దగ్గర ఆగాయి. ఆ తరువాతి నిల్వ గురించిన సాధారణ సూత్రం ఏదీ ఇందులో నుండి రాలేదు.

బిడ్డ కోణం నుండి ఈ ప్రశ్నను చూసినది 2023 నాటి అపర్ణ ఫిరోదియా తీర్పు. జన్యు సమాచారం మనిషి అస్తిత్వానికి అత్యంత సన్నిహితమైనదని, తల్లిదండ్రుల వైవాహిక కలహంలో బిడ్డను పరీక్షకు గురి చేయడం తగదని సర్వోన్నత న్యాయస్థానం చెప్పింది. సమ్మతి ఇవ్వలేని వయసులో ఉన్నవారి తరఫున న్యాయస్థానమే కాపలా కాయాలన్నది ఇందులోని భావం.

4. నేర విచారణ: 2005 సవరణ వదిలిన ఖాళీ

క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌కు 2005లో చేసిన సవరణ 2006 జూన్ 23 నుండి అమలులోకి వచ్చింది. నిందితుని వైద్య పరీక్షకు సంబంధించిన 53వ సెక్షనులో డి.ఎన్.ఎ. ముద్ర అన్న మాట మొదటిసారి చేరింది. అత్యాచార కేసులలో నిందితుని పరీక్ష కోసం 53ఎ, బాధితురాలి పరీక్ష కోసం 164ఎ సెక్షన్లు వచ్చాయి. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి చదివితే సమ్మతి విషయంలో చట్టం పాటించిన తారతమ్యం తెలుస్తుంది. నిందితుని నుండి తగినంత బలం ఉపయోగించి నమూనా తీసుకోవచ్చు. బాధితురాలి పరీక్షకు మాత్రం ఆమె సమ్మతి గాని, ఆమె తరఫున ఇవ్వగలిగినవారి సమ్మతి గాని తప్పనిసరి. సమ్మతి పొందిన సంగతిని వైద్యుడు తన నివేదికలో నమోదు చేయాలి.

సేకరణ విషయంలో ఇంత స్పష్టంగా ఉన్న ఈ సెక్షన్లు నిల్వ గురించి ఒక్క మాట కూడా చెప్పవు. బాధితురాలు ఒక కేసు కోసం ఇచ్చిన నమూనాను కేసు ముగిసిన తరువాత ఏమి చేయాలి? నిర్దోషిగా విడుదలైనవాని ముద్రను తొలగించాలా? 1920 చట్టం వేలిముద్రలకు ఇచ్చిన రక్షణ పాటి కూడా డి.ఎన్.ఎ.కు లభించలేదు. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 51, 52, 184 సెక్షన్లుగా ఇవే నిబంధనలు కొనసాగుతున్నాయి.

5. అప్పగించిన సమాచారం ఎవరిది? హైదరాబాదు కేసు నుండి పుట్టస్వామి వరకు

నిల్వ ప్రశ్నకు అవసరమైన సిద్ధాంతం ఊహించని చోటి నుండి వచ్చింది. భారత స్టాంపు చట్టంలోని 73వ సెక్షనును ఆంధ్రప్రదేశ్ శాసనసభ సవరించింది. దాని ప్రకారం కలెక్టరు అధికారం ఇచ్చిన ఏ వ్యక్తి అయినా బ్యాంకుల వద్ద ఉన్న ఖాతాదారుల పత్రాలను తనిఖీ చేయవచ్చు. దీనిపై సాగిన హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు వర్సెస్ కెనరా బ్యాంకు కేసులో రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం ఆ సవరణను కొట్టివేయగా, 2004లో సర్వోన్నత న్యాయస్థానం ఆ నిర్ణయాన్ని సమర్థించింది.

స్టాంపు సుంకానికి సంబంధించిన ఈ వివాదంలో న్యాయస్థానం చెప్పిన సూత్రం విస్తృతమైనది. గోప్యత మనుషులకు చెందినది, స్థలాలకు కాదు. ఒకరు తమ పత్రాన్ని బ్యాంకుకు అప్పగించినంత మాత్రాన దానిపై గోప్యతా హక్కును వదులుకున్నట్లు కాదు. ఈ సూత్రాన్ని జన్యు నమూనాకు అన్వయిస్తే సమ్మతికి కొత్త అర్థం ఏర్పడుతుంది. ప్రయోగశాలకు రక్తం ఇచ్చినవారు ఒక పరీక్షకు అంగీకరించారు. ఆ సమాచారాన్ని శాశ్వతంగా దానం చేయలేదు.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా ప్రకటించింది. గోప్యతలో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, న్యాయసమ్మతమైన లక్ష్యం ఉండాలి, ఆ లక్ష్యానికి తగిన పరిమాణంలోనే జోక్యం ఉండాలి. జన్యు సమాచార నిల్వకు సంబంధించిన ప్రతి చట్టాన్నీ ఇకపై కొలవవలసినది ఈ కొలబద్దతోనే.

6. ఇతర దేశాల అనుభవం

నిల్వ ప్రశ్నను విడిగా గుర్తించిన ముఖ్యమైన తీర్పు ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం నుండి 2008 డిసెంబరులో వచ్చింది. ఎస్., మార్పర్ వర్సెస్ యునైటెడ్ కింగ్‌డమ్ అన్న ఆ కేసులో ఫిర్యాదుదారులిద్దరిపైనా నేరం రుజువు కాలేదు. అయినా వారి నమూనాలను, ముద్రలను పోలీసులు అట్టిపెట్టుకున్నారు. ఆ సమాచారాన్ని ఎన్నడైనా ఉపయోగించారా లేదా అన్నదానితో సంబంధం లేకుండా, అట్టిపెట్టుకోవడమే వ్యక్తిగత జీవితంలో జోక్యమని న్యాయస్థానం తేల్చింది. ఫలితంగా బ్రిటన్ 2012లో కొత్త చట్టం చేసి, నమూనాలను ముద్ర తీసిన తరువాత నిర్ణీత గడువులో నాశనం చేయాలని నియమం పెట్టింది.

ఐస్‌లాండు అనుభవం బంధుత్వ కోణాన్ని ముందుకు తెచ్చింది. దేశ ప్రజల ఆరోగ్య సమాచారాన్నంతా ఒకచోట చేర్చడానికి 1998లో అక్కడ చట్టం చేశారు. అభ్యంతరం చెప్పనివారంతా అంగీకరించినట్లే భావించాలన్నది దాని పద్ధతి. మరణించిన తన తండ్రి సమాచారాన్ని అందులో చేర్చరాదని ఒక కుమార్తె న్యాయస్థానానికి వెళ్ళింది. తండ్రి సమాచారం నుండి ఆమె గురించి కూడా తెలుసుకునే వీలుంది గనుక అభ్యంతరం చెప్పే హక్కు ఆమెకు ఉందని 2003లో ఆ దేశ అత్యున్నత న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. అదే సంవత్సరం యునెస్కో ఆమోదించిన మానవ జన్యు సమాచార ప్రకటన కూడా సమ్మతిని ఉపసంహరించుకునే హక్కును, ప్రయోజనం మారితే కొత్తగా సమ్మతి పొందవలసిన అవసరాన్ని గుర్తించింది.

7. డి.ఎన్.ఎ. బిల్లు: రెండు దశాబ్దాల ప్రయాణం

భారతదేశంలో ప్రత్యేక చట్టం కోసం ప్రయత్నం 2003లో బయోటెక్నాలజీ విభాగం నియమించిన సంఘంతో మొదలైంది. 2007లో ఒక ముసాయిదా, 2012, 2015లలో మరికొన్ని రూపాలు వెలువడ్డాయి. ముసాయిదాల తయారీలో సి.డి.ఎఫ్.డి. పాత్ర ఉంది. గుర్తు తెలియని మృతదేహాలను, తప్పిపోయినవారిని డి.ఎన్.ఎ. ద్వారా గుర్తించే ఏర్పాటు కోరుతూ లోక్‌నీతి ఫౌండేషన్ సర్వోన్నత న్యాయస్థానంలో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం ప్రభుత్వంపై ఒత్తిడి పెంచింది. 2017 జులైలో లా కమిషన్ తన 271వ నివేదికలో ముసాయిదా బిల్లును సమర్పించింది. దాని ఆధారంగా 2018 ఆగస్టులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన బిల్లు 2019 జనవరిలో ఆ సభ ఆమోదం పొందినా, లోక్‌సభ రద్దుతో కాలగర్భంలో కలిసింది. 2019 జులైలో మళ్ళీ ప్రవేశపెట్టారు.

ఈ బిల్లులో సమ్మతి మూడు మెట్లుగా ఉంది. మరణశిక్ష గాని, ఏడేళ్ళకు మించిన జైలుశిక్ష గాని పడే నేరాలలో అరెస్టయినవారి సమ్మతి అక్కరలేదు. మిగతా నేరాలలో రాతపూర్వక సమ్మతి కావాలి. నిరాకరిస్తే మేజిస్ట్రేటు ఆదేశంతో తీసుకోవచ్చు. సాక్షులు, తప్పిపోయిన తమవారి కోసం వెదికే బంధువులు స్వచ్ఛందంగా రాతపూర్వక సమ్మతితో ఇవ్వవచ్చు. నిల్వ కోసం జాతీయ, ప్రాంతీయ డేటా బ్యాంకులను, వాటిలో నేరస్థలం, అనుమానితులు లేదా విచారణ ఖైదీలు, నేరస్థులు, తప్పిపోయినవారు, గుర్తు తెలియని మృతులు అనే అయిదు సూచికలను ప్రతిపాదించారు. అనుమానితుల ముద్రను పోలీసు నివేదిక దాఖలైన తరువాత గాని న్యాయస్థానం ఆదేశంపై గాని, విచారణ ఖైదీల ముద్రను న్యాయస్థానం ఆదేశంపై తొలగించాలి. కాని నేరస్థలంలో దొరికిన ముద్ర నేరంతో సంబంధం లేనివారిదైతే, వారే రాతపూర్వకంగా కోరుకోవాలి. తమ ముద్ర అక్కడ ఉందని తెలియనివారు తొలగించమని ఎలా కోరగలరు అన్న ప్రశ్నకు బిల్లులో సమాధానం లేదు. పితృత్వం వంటి సివిల్ వ్యవహారాలలో సమ్మతి నియమాన్ని బిల్లు చెప్పనేలేదు.

జైరాం రమేశ్ అధ్యక్షతన పార్లమెంటు స్థాయీ సంఘం 2021 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. సమ్మతి అన్న మాట బిల్లులో పలుచోట్ల ఉన్నా, మేజిస్ట్రేటు దానిని సులువుగా తోసిపుచ్చగలిగినందున అది నామమాత్రమేనని సంఘం గమనించింది. జన్యు సమాచారాన్ని కులం, సముదాయం ఆధారంగా దుర్వినియోగం చేయవచ్చన్న భయాన్ని కూడా నమోదు చేసింది. హైదరాబాదు లోక్‌సభ సభ్యుడు అసదుద్దీన్ ఒవైసీ, రాజ్యసభ సభ్యుడు బినయ్ విశ్వం అసమ్మతి పత్రాలు సమర్పించారు. చివరకు 2023 జులైలో ప్రభుత్వం బిల్లును ఉపసంహరించుకున్నది.

8. క్రిమినల్ ప్రొసీజర్ (గుర్తింపు) చట్టం, 2022

బిల్లు ఉపసంహరణకు ముందే, 2022 ఆగస్టు 4న, క్రిమినల్ ప్రొసీజర్ (గుర్తింపు) చట్టం అమలులోకి వచ్చి 1920 చట్టాన్ని రద్దు చేసింది. కొలతలన్న పాత మాటకే కొత్త అర్థం కల్పించి, జీవ నమూనాలను, వాటి విశ్లేషణను అందులో చేర్చింది. శిక్ష పడినవారికి, ఏ చట్టం కింద అరెస్టయినవారికైనా, నివారక నిర్బంధంలో ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. స్త్రీలపై, పిల్లలపై జరిగిన నేరాలలోను, ఏడేళ్ళకు తక్కువ కాని శిక్ష పడే నేరాలలోను అరెస్టయినవారు తప్ప, మిగతా అరెస్టయినవారు జీవ నమూనా ఇవ్వడానికి నిరాకరించవచ్చు. అయితే విచారణకు అవసరమని భావిస్తే ఏ వ్యక్తినైనా కొలతలు ఇవ్వాలని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు.

కొలతల వివరాలు జాతీయ నేర నమోదుల సంస్థ వద్ద డిజిటల్ రూపంలో 75 సంవత్సరాలు ఉంటాయి. మునుపు శిక్ష పడనివారు విచారణ లేకుండా విడుదలైతే, కేసు నుండి విముక్తులైతే, నిర్దోషులుగా తేలితే, న్యాయపరమైన మార్గాలన్నీ ముగిసిన తరువాత వాటిని నాశనం చేయాలి. ఇక్కడ కూడా న్యాయస్థానం లేదా మేజిస్ట్రేటు కారణాలు రాసి వేరే విధంగా ఆదేశించవచ్చు. 1920 నాటి రక్షణ రూపురేఖలు ఇందులో నిలిచాయని చెప్పవచ్చు. కాని పరిమాణం మారింది. ఇరవై ఏళ్ళ వయసులో శిక్ష పడిన వ్యక్తి సమాచారం అతని 95వ ఏట వరకు ఉంటుంది. నేరం చిన్నదా పెద్దదా అన్న భేదం కాలవ్యవధిలో కనిపించదు. అప్పీళ్ళన్నీ ముగిసేసరికి నిర్దోషి జీవితంలోనూ ఎన్నో ఏళ్ళు గడిచిపోవచ్చు. 1920 చట్టం కొలతలను మనిషికి అప్పగించే మార్గం చూపింది. ఈ చట్టంలో ఆ మాట లేదు.

ఉపసంహరించిన బిల్లులోని మరొక భాగం కూడా ఇక్కడ కొరవడింది. తప్పిపోయిన బిడ్డ కోసం స్వచ్ఛందంగా నమూనా ఇచ్చే తల్లి గురించి 2022 చట్టంలో నియమం లేదు. అనుమానితునికి తొలగింపు హక్కు రాసిపెట్టి ఉంది. ఏ తప్పూ చేయక, సహాయం కోరి వచ్చినవారికి అది లేదు.

9. పరిశోధన, సముదాయం, సమ్మతి

పోలీసు స్టేషనుకు బయట జన్యు సమాచారం ఎక్కువగా చేరేది పరిశోధన సంస్థలకు, ఆసుపత్రులకు. ఇక్కడ ఆధారం భారత వైద్య పరిశోధన మండలి (ఐ.సి.ఎం.ఆర్.) మార్గదర్శకాలు. 2017 నాటి మార్గదర్శకాలు నమూనాల నిల్వకు ప్రత్యేక భాగం కేటాయించాయి. ఒక్క అధ్యయనానికే ఇచ్చే సమ్మతి, భవిష్యత్ పరిశోధనలకు విస్తృతంగా ఇచ్చే సమ్మతి, అంచెలంచెలుగా ఎంపిక చేసుకునే సమ్మతి వంటి రకాలను వివరించాయి. అయితే మార్గదర్శకం చట్టం కాదు. సమ్మతి పత్రం కాగితం మీద ఉన్నంత మాత్రాన సమ్మతి ఉన్నట్లు కాదని తెలుగు నేల చూసింది. జన్యు పరిశోధన కాకపోయినా, 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలపై జరిగిన హెచ్.పి.వి. టీకా అధ్యయనంలో అనేక సమ్మతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసిన విషయాన్ని పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో తప్పుపట్టింది.

జన్యు పరిశోధనలో సముదాయ ప్రశ్న మరింత సూక్ష్మమైనది. భారతీయ జనసమూహాల చరిత్రపై సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు హార్వర్డ్ పరిశోధకులతో కలిసి 2009లో ప్రచురించిన అధ్యయనం, కులాంతర్గత వివాహాల వల్ల అనేక సమూహాలు తరతరాలుగా జన్యుపరంగా వేరుగా ఉండిపోయాయని చూపింది. తెలుగు వైశ్య సముదాయంలో ఒక ఎంజైము లోపం ఇతరులకంటే చాలా ఎక్కువగా ఉండడం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఈ లోపం ఉన్నవారికి శస్త్రచికిత్సలో కండరాలను సడలించడానికి ఇచ్చే ఒక మందు ప్రభావం ప్రమాదకరంగా సుదీర్ఘమవుతుంది. ఈ జ్ఞానం ప్రాణాలు కాపాడుతుంది. అదే సమయంలో, కొద్దిమంది ఇచ్చిన సమ్మతితో లక్షలాది మంది గురించిన సమాచారం వెల్లడైంది. మేలు చేసిన సమాచారమే వేరే చేతుల్లో పెళ్ళి సంబంధాలకో బీమాకో అడ్డంకి కావచ్చు. వ్యక్తి సమ్మతి మీదనే నిర్మించిన చట్టం ఈ స్థితిని పట్టుకోలేదు. సి.సి.ఎం.బి. కూడా భాగస్వామిగా ఉన్న జీనోమ్ ఇండియా ప్రాజెక్టు దాదాపు 10,000 మంది జన్యు క్రమాలను సేకరించి, ఫరీదాబాదులోని భారతీయ జీవ సమాచార కేంద్రంలో నిల్వ చేసింది. 2025 జనవరిలో పరిశోధకులకు వాటిని అందుబాటులోకి తెచ్చింది. ప్రశ్న ఇప్పుడు మరింత ప్రత్యక్షమైంది.

తెలంగాణ అంశంపై నియమితమైన సంఘానికి అధ్యక్షుడిగా తెలుగువారికి పరిచితుడైన జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ ఆధ్వర్యంలోని నిపుణుల సంఘం 2018లో సమాచార రక్షణ ముసాయిదాను రూపొందించింది. జన్యు సమాచారాన్ని సున్నితమైన వ్యక్తిగత సమాచారంగా అది వర్గీకరించింది. 2019 బిల్లు ఆ వర్గీకరణను నిలుపుకున్నది. ఆ బిల్లును 2022లో ఉపసంహరించి, 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మాత్రం సున్నిత సమాచారమన్న వర్గాన్నే వదిలివేసింది. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, తెలిసి ఇచ్చినదిగా ఉండాలని, ఉపసంహరించుకోవచ్చని, ప్రయోజనం తీరిన తరువాత సమాచారాన్ని చెరిపివేయాలని ఈ చట్టం చెబుతున్నది. ఇది నిజమైన ముందడుగు. కాని నేర దర్యాప్తుకు, నిర్ణీత ప్రమాణాలు పాటించే పరిశోధనకు మినహాయింపులు ఉన్నాయి. డిజిటల్ రూపంలో ఉన్న సమాచారానికే చట్టం వర్తిస్తుంది గనుక, శీతల పేటికలో ఉన్న రక్తపు గొట్టం దీని పరిధిలోకి రాదు. ఆ గొట్టం ఉన్నంతకాలం చెరిపివేసిన సమాచారాన్ని మళ్ళీ రాబట్టవచ్చు.

ముగింపు

నూరేళ్ళ ఈ చరిత్రలో సమ్మతి అన్న భావన సూది మొన దగ్గరే ఎక్కువకాలం ఆగిపోయింది. న్యాయస్థానాలు రక్తం తీయవచ్చునా అని పదేపదే అడిగాయి. తీసిన తరువాత ఏమవుతుందో చెప్పే బాధ్యతను చట్టసభలు వాయిదా వేశాయి. 2005 సవరణ మౌనంగా ఉండిపోయింది. రెండు దశాబ్దాల బిల్లు వెనక్కి వెళ్ళింది. 2022 చట్టం నిల్వ గురించి మాట్లాడినా 75 సంవత్సరాల గడువుతో మాట్లాడింది. 2023 చట్టం తొలగింపు హక్కును గుర్తించినా నమూనాను వదిలివేసింది.

ఈ లోటును పూరించడానికి కావలసిన సూత్రాలు భారతీయ న్యాయచరిత్రలోనే ఉన్నాయి. నిర్దోషి కొలతలను అతనికే అప్పగించాలన్న 1920 నాటి నియమం, అప్పగించినంత మాత్రాన హక్కు పోదన్న కెనరా బ్యాంకు తీర్పు, బిడ్డ జన్యు సమాచారాన్ని పెద్దల కలహానికి బలి చేయరాదన్న 2023 నాటి తీర్పు ఇందుకు ఆధారాలు. నమూనాకు, ముద్రకు, జన్యు క్రమానికి వేర్వేరు నిల్వ గడువులు నిర్ణయించడం, స్వచ్ఛందంగా ఇచ్చినవారికి తొలగింపు హక్కు కల్పించడం, ప్రయోజనం మారినప్పుడు కొత్త సమ్మతిని తప్పనిసరి చేయడం రాబోయే చట్టానికి కనీస అవసరాలు. దేశంలో డి.ఎన్.ఎ. ముద్రకు పుట్టినిల్లయిన హైదరాబాదు ప్రయోగశాలలకు నమ్మకంతో రక్తం ఇచ్చిన సామాన్యుడు, అది తన కోసం ఎంతకాలం, తనకు తెలియకుండా ఎంతకాలం ఉంటుందో తెలుసుకోగలిగిన నాడే సమ్మతి అన్న మాటకు పూర్తి అర్థం చేకూరుతుంది.